వార్షిక నివేదిక: చిన్న స్కేలు ఛాసిస్‌లు – నడక, మన్నిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం పని దాదాపు అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. అరచేతిలో ఇమిడే రేడియో కంట్రోల్ కార్లలో ఏ ఛాసిస్ (బండి భాగాలన్నీ కూర్చునే అడుగు చట్రం) చెప్పిన మాట వింటుంది, ఏది దెబ్బకు నిలుస్తుంది? సభ్యత్వాలు, జమాఖర్చులు, ట్రాక్ పలకల నిర్వహణ విడి పట్టికలో జతచేశాం, ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ నివేదిక ఛాసిస్‌ల పోలికకే పరిమితం.

స్కేలు లెక్క

నడక, మన్నిక ఒకదానికొకటి ఎదురని చాలామంది అనుకుంటారు. చిన్న బండ్లలో రెండింటినీ తేల్చేది ఒకే విషయం: ఛాసిస్ ఎక్కడ వంగుతోంది? వంగాల్సిన చోట వంగి, మిగతా చోట్ల బిగువుగా ఉన్న ఛాసిస్ మలుపులోనూ బాగుంటుంది, గోడ గుద్దినప్పుడూ బతుకుతుంది.

ఒక బండిని అన్ని కొలతల్లోనూ సగానికి కుదించామనుకుందాం. బరువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే ఆర్మ్ అడ్డుకోత వైశాల్యం మాత్రం నాలుగో వంతుకే తగ్గుతుంది. అంటే బరువుతో పోల్చితే బలం రెట్టింపు. ఇక బండి గిర్రున తిరగకుండా అడ్డుకునే జడత్వం ఏకంగా ముప్ఫై రెండో వంతుకు జారిపోతుంది. చిన్న బండి బల్ల మీంచి పడినా లేచి పరుగెత్తడానికీ, స్టీరింగ్ ముట్టుకుంటేనే ఉలిక్కిపడడానికీ కారణం ఒక్కటే. ట్రాన్స్‌మిటర్లో డ్యూయల్ రేట్ (స్టీరింగ్ గరిష్ఠంగా తిరిగే మేర) తగ్గించి, మధ్యలో స్పందన మెత్తబడేలా ఎక్స్‌పో పెట్టుకోకుండా 1/28 (అసలు కారులో ఇరవై ఎనిమిదో వంతు) బండి నడక బాగోలేదనడం తొందరపాటు.

అయితే ఈ లెక్క పూర్తిగా అమలు కాదు. 1/10 టూరింగ్ కారు 1400 గ్రాములు అనుకుంటే, 1/28కి కుదించాక 64 గ్రాములే ఉండాలి. క్యోషో కంపెనీ చిన్న బండి మినీ–జి బాడీతో, సెల్స్‌తో కలిపి 170 గ్రాముల దగ్గర తూగుతుంది. మోటారు, సెల్స్ మన లెక్క విని కుదించుకుపోవు కదా. నాలుగు ట్రిపుల్ ఎ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్సే సుమారు 50 గ్రాములు. మొత్తంలో మూడో వంతుకు దగ్గరగా ఉన్న ఈ బరువు ఎక్కడ కూర్చుందన్నదే నడకను సగం నిర్ణయిస్తుంది.

నేల విషయంలో స్కేలు మన మీద కక్ష కడుతుంది. రెండు నేలపలకల మధ్య 3 మి.మీ. గాడి 1/28 బండికి అసలు కారు దిగిన 84 మి.మీ. గుంటతో సమానం. అందుకే అన్ని పోలికలూ సమతలమైన ఫోమ్ పలకల మీదే పెట్టాం. గరుకు నేల మీద చూసిన బండిని, ఫోమ్ మీద చూసిన బండితో పోల్చకండి.

పోల్చిన పద్ధతి

నడకకు మూడు పరీక్షలు. మొదటిది, టేపుతో గీసిన ఒక మీటరు వ్యాసార్ధపు వలయంలో థ్రాటిల్ కదపకుండా రెండు దిశల్లో తిప్పడం. వలయం వెడల్పవుతూ పోతే ముందు చక్రాలకు పట్టు చాలదు, అండర్‌స్టీర్. ముక్కు లోపలికి దూరి తోక జారితే ఓవర్‌స్టీర్. ఎడమవైపు ఒకలా, కుడివైపు మరోలా ఉంటే అది ఛాసిస్ గుణం కాదు, మెలిక, అంటే బండి ఒకవైపు మెలితిరిగి ఉండడం. రెండోది, కోన్‌ల మధ్య పాములా నడపడం. మూడోది, వరసగా పది ల్యాప్‌లు. ఇందులో అతి వేగమైన ల్యాప్‌ను పట్టించుకోలేదు, మొదటి ల్యాప్‌కూ చివరి ల్యాప్‌కూ మధ్య తేడానే చూశాం. ఒక్క ల్యాప్ ఎవరైనా కొడతారు.

మెలిక చూడడం పరీక్షకు ముందే జరగాలి. గాజు పలక మీద బండి పెట్టి, ముందు బంపర్ సరిగ్గా మధ్యన బ్లేడు మొన ఆనించి నెమ్మదిగా ఎత్తండి. రెండు చక్రాలూ ఒకేసారి లేవాలి. ఒకటి ముందు లేస్తే వెనక పాడ్ (మోటారు, వెనక ఇరుసు ఉండే భాగం) స్క్రూలు వదులు చేసి, బండిని పలక మీదే ఉంచి మళ్లీ బిగించండి. అప్పటికీ పోకపోతే స్ప్రింగులు, ఆ తర్వాత టైర్ల వ్యాసం చూడండి.

మన్నికకు, 75 సెం.మీ. బల్ల అంచు నుంచి నాలుగు మూలల మీద ఒక్కోసారి పడేయడం. ఆ ఎత్తు నుంచి పడితే నేలను తాకేటప్పటి వేగం గంటకు 14 కి.మీ. ఇది తేలిక పరీక్షే. గంటకు 20 కి.మీ. వేగంతో నేరుగా గోడను గుద్దడం 1.6 మీటర్ల ఎత్తు నుంచి పడడంతో సమానం. కాబట్టి బల్ల పరీక్షలోనే విరిగినది రేసుకు పనికిరాదు. అందులో బతికినంత మాత్రాన పనికొస్తుందనీ చెప్పలేం.

ఛాసిస్‌లు

మినీ–జి వరస 1999లో మొదలైంది. వెనక చక్రాల డ్రైవ్ ఉన్న ఎంఆర్–03 ఇప్పటికీ పోలికకు కొలబద్ద. సెల్స్ ఇరువైపులా రెండేసి, నేలకు దగ్గరగా కూర్చుంటాయి. మిడ్ మౌంట్ అమరికలో మోటారు పాడ్‌ను ముందు ఛాసిస్‌తో కలిపేది టీ ప్లేట్ అనే పలుచని పలక. వెనక సస్పెన్షన్ అంతా అదే. మెత్తని ప్లేట్ వేస్తే వెనక పట్టు పెరిగి, స్పందన ఆలస్యమవుతుంది. గట్టిది వేస్తే బండి చురుకవుతుంది, తోక మాత్రం జారడానికి సిద్ధంగా ఉంటుంది. పాడ్ మీద ఘర్షణ డిస్క్ డ్యాంపర్ ఉంటే గ్రీజు చిక్కదనంతో ఒరుగుడు వేగాన్ని మార్చుకోవచ్చు. చల్లని గదిలో అదే గ్రీజు మరింత చిక్కబడుతుందని గుర్తుంచుకోండి.

వీల్‌బేస్‌ను (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 86, 90, 94, 98 మి.మీ.లకు మార్చుకునే వీలు ఈ కుటుంబానికి పెద్ద బలం. ఇరుకు మలుపుల ట్రాక్‌లో 98 మి.మీ. బండి హాయిగా నిలకడగా ఉంటుంది కానీ హెయిర్‌పిన్ (పూర్తిగా వెనక్కి తిరిగే మలుపు) దగ్గర గోడ వెతుక్కుంటుంది. కొత్త సభ్యులకు 94 మి.మీ. దగ్గర మొదలుపెట్టమని మా సూచన.

దెబ్బల విషయానికొస్తే, టీ ప్లేట్ స్క్రూ రంధ్రాల దగ్గర, మెడ దగ్గర చీలుతుంది. ఇది లోపం అని మేం అనుకోవడం లేదు. విరగాల్సిన భాగమే విరిగింది, రెండు మూడు స్క్రూలతో మారిపోతుంది. అసలు చిక్కు స్టీరింగ్ దగ్గర. సర్వో (ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు) ఛాసిస్‌లోనే ఒదిగి ఉంటుంది. అది ఎంత తిరిగిందో చెప్పే పొటెన్షియోమీటర్‌లో దుమ్ము చేరితే చక్రాలు నిలకడగా ఉండక వణుకుతాయి. అప్పుడు చాలామంది రేడియోను తిడతారు. ముందు కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క వేసి చూడండి. మరో మాట: ఒక్క సెల్ తిరగబడి పెట్టినా బోర్డు మీది ఎఫ్ఈటీలు (మోటారుకు కరెంటు అందించే ట్రాన్సిస్టర్లు) కాలిపోయే ప్రమాదం ఉంది. స్విచ్ వేసే ముందు నాలుగు సెల్స్ మొనలూ చూసుకోవాలి.

అదే కుటుంబంలోని ఎంఏ–020, ఎంఏ–030 నాలుగు చక్రాల డ్రైవ్ బండ్లు. మధ్యలో షాఫ్ట్, రెండు చివర్లా డిఫరెన్షియల్ (ఎడమ, కుడి చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె). పట్టు తక్కువున్న నేల మీద కొత్తవారి చేతిలో ఎంఆర్–03 కన్నా ఇవే ముందుంటాయి, ఎందుకంటే మలుపు మధ్యలో థ్రాటిల్ తప్పుగా నొక్కినా క్షమిస్తాయి. పట్టు ఎక్కువైనప్పుడు మాత్రం మలుపు నుంచి బయటికి నెట్టుకుపోతాయి. భాగాలు ఎక్కువ కాబట్టి విప్పి శుభ్రం చేసే పనీ ఎక్కువే. షాఫ్ట్ చుట్టూ చుట్టుకున్న వెంట్రుక ఒక్కటి చాలు, బ్యాటరీ త్వరగా అయిపోవడానికి.

డబ్ల్యూఎల్‌టాయ్స్ కె989 కూడా 1/28, షాఫ్ట్‌తో నడిచే నాలుగు చక్రాల డ్రైవ్, 2ఎస్ లిపో (రెండు సెల్స్ లిథియం పాలిమర్ బ్యాటరీ). నాలుగు చక్రాలకూ స్ప్రింగు, విష్‌బోన్ ఆర్మ్‌లు ఉన్నాయి. కాగితం మీద చూస్తే ఇదే గెలవాలి. నేల మీదకొచ్చేసరికి కీళ్లన్నింట్లోనూ ఆట (వదులు కదలిక) ఎక్కువ. చక్రాన్ని వేళ్లతో పట్టుకుని ఊపితే టో కోణం (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కళ్ల ముందే మారుతుంది. అందుకే తిన్నగా వెళ్లాల్సిన చోట బండి అటూ ఇటూ వెతుక్కుంటుంది. ఆర్మ్ పిన్‌లకు, నకుల్స్‌కు (చక్రాన్ని పట్టి ఉంచే భాగాలు) పలుచని షిమ్ వాషర్లు వేసి ఆట తగ్గిస్తే వేరే బండా అనిపిస్తుంది. షిమ్ వేశాక ఆర్మ్ తన బరువుతో తాను కిందికి వాలాలి. వాలకపోతే ఒకటి ఎక్కువైనట్టు.

ఆ ఆటే దీన్ని దెబ్బల నుంచి కాపాడుతుంది కూడా. వదులుగా ఉన్న ఆర్మ్ దెబ్బను కొంత మింగేస్తుంది. సన్నబడేవి డాగ్‌బోన్ (డిఫరెన్షియల్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) కొనలు, అవి కూర్చునే కప్పులు. అరిగేవి స్టీరింగ్ సర్వో ప్లాస్టిక్ గేర్లు. సర్వోకు అయిదు తీగలుంటాయి కనుక మామూలు మూడు తీగల సర్వో నేరుగా పెట్టలేం. విడి ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే బోర్డు), రిసీవర్ పెట్టుకుంటేనే ఆ మార్పు కుదురుతుంది.

కార్బన్ ప్లేటు, అల్యూమినియం పాడ్, బ్రష్‌లెస్ మోటారుతో వచ్చే 1/28 రేస్ కిట్‌లు నడకలో అందరికన్నా పైన. ఆట దాదాపు ఉండదు, ప్రతి కోణాన్నీ విడిగా మార్చవచ్చు. కానీ తప్పును క్షమించవు. కార్బన్ పలక అంచు పొరలు పొరలుగా విడిపోతుంది. కొత్తగా ఉండగానే అంచులను నీళ్లతో తడిపి నునుపైన కాగితంతో రుద్ది, ఆరాక పలుచని సయనో గ్లూ (సూపర్‌గ్లూ) పట్టించాలి. తడిపే రుద్దడానికి కారణముంది: కార్బన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, పైగా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కనుక బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది.

పెద్ద కొలతలో టామియా ఎం–05ను పక్కన పెట్టి చూశాం. 2009 నాటి ముందు చక్రాల డ్రైవ్ ఛాసిస్, 210, 225, 239 మి.మీ. వీల్‌బేస్‌లు. తొట్టిలాంటి ప్లాస్టిక్ ఛాసిస్ కనుక మొండిది. బుషింగ్‌లు (ఇరుసు తిరిగే సాదా రింగులు) తీసి 11×5 మి.మీ. బేరింగ్‌లు వేయడం మొదటి పని, మిగతావన్నీ ఆ తర్వాతే. మలుపులో థ్రాటిల్ వదిలితే తోక తిరుగుతుంది, నొక్కితే ముక్కు తిన్నగా వస్తుంది. వెనక డ్రైవ్ అలవాటైన చేతికి ఇది తలకిందుల పాఠం.

క్రాలర్లకు (రాళ్ల మీద నెమ్మదిగా ఎక్కే బండ్లకు) వేరే కొలత కావాలి. ఆక్సియల్ ఎస్‌సీఎక్స్24, 2022లో వచ్చిన ట్రాక్సస్ టీఆర్ఎక్స్–4ఎం రెండింట్లోనూ ఫ్రేమ్ వంగడం అరుదు. అక్కడ అసలు సమస్య బరువు ఎత్తు. ఇత్తడి బరువులు ఇరుసుల దగ్గరే, చక్రాల కేంద్రం కన్నా కిందే వేయండి. పైన వేసిన బరువు ఏటవాలు మీద బండిని వెనక్కి పడేస్తుంది.

అల్యూమినియం మోజు

దీని మీద సంఘం అభిప్రాయం సూటిగా చెప్పాలి. ప్లాస్టిక్ నకుల్ తీసి అల్యూమినియం వేయగానే బండి గట్టిపడిందనుకుంటారు. దెబ్బ మాయం కాదు, పక్కింటికి పోతుంది. నకుల్ విరగకపోతే ఆర్మ్ విరుగుతుంది. ఆర్మ్ కూడా లోహమైతే సర్వో గేరు పళ్లు రాలతాయి, లేదా ఛాసిస్‌లోని స్క్రూ రంధ్రమే చిట్లుతుంది. అప్పుడు మార్చాల్సింది మొత్తం ఛాసిస్. పైగా ప్లాస్టిక్ వంగి తిరిగొస్తుంది. అల్యూమినియం వంగితే వంగినట్టే ఉండిపోతుంది, అర డిగ్రీ టో తేడా కంటికి ఆనదు.

లోహం ఎక్కడ మేలు? మోటారు పాడ్‌లో. వేడిని లాగుతుంది, పినియన్ (మోటారు గేరు), స్పర్ (అది తిప్పే పెద్ద గేరు) మధ్య దూరం కదలకుండా పట్టి ఉంచుతుంది. ముందు భాగంలో, ముఖ్యంగా గోడను మొదట తాకే భాగాల్లో, వద్దు.

నైలాన్ భాగాలకు అంతకన్నా చవకైన మందు ఉంది. పొడిబారిన నైలాన్ పెళుసు. పది పదిహేను నిమిషాలు నీళ్లలో మరిగించి చల్లారనిస్తే తేమ పీల్చుకుని సాగే గుణం తిరిగొస్తుంది. వాడని విడి భాగాలకు కూడా చేయవచ్చు. పీఓఎం, అంటే అసిటాల్ భాగాలను మరిగిస్తే ప్రయోజనం లేదు, అవి నీటిని అంతగా పీల్చవు.

స్క్రూలు, గేర్లు, టైర్లు

మరమ్మతు బల్ల దగ్గరికి వచ్చిన బండ్లలో మళ్లీ మళ్లీ కనిపించిన తప్పు తెగిన స్క్రూ మర. ప్లాస్టిక్‌లోకి స్క్రూ వేసేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి. టిక్‌మని పాత మరలో పడ్డాకే ముందుకు బిగించండి. మర పోతే రంధ్రంలో పలుచని సయనో ఒక్క చుక్క వేసి, పూర్తిగా గట్టిపడ్డాక, వేరే రోజైతే మరీ మంచిది, స్క్రూతో నెమ్మదిగా కొత్త మర కోయండి. నీలి థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) లోహానికి లోహం కలిసే చోట మాత్రమే. పాలీకార్బొనేట్, ఏబీఎస్ తగిలితే పగుళ్లు తెస్తుంది.

పినియన్ మార్చినప్పుడు రెండు గేర్ల మధ్య సన్నని కాగితం పెట్టి మోటారు బిగించి, తర్వాత కాగితం తీయండి. కాగితం చిరిగితే బిగువెక్కువ, మడతలు పడకుండా జారితే వదులెక్కువ. బాల్ డిఫ్‌కు (గేర్ల బదులు చిన్న బాల్స్‌తో పనిచేసే డిఫరెన్షియల్) స్పర్‌నూ ఒక చక్రాన్నీ పట్టుకుని రెండో చక్రాన్ని తిప్పి చూడండి. సులువుగా తిరిగిపోతే బాల్స్ జారుతున్నాయి. అలా నడిపితే ప్లేట్ల మీద గాడి పడి, డిఫ్ గరగరలాడుతుంది.

టైర్ల గట్టితనం అంకెల్లో చిన్న అంకె అంటే మెత్తనిది. వెనక 20 లేదా 30, ముందు 30 లేదా 40తో మొదలుపెట్టడం క్షేమం. పట్టు మరీ పెరిగి బండి మలుపులో బోర్లాపడుతుంటే ఛాసిస్ మార్చకండి. ముందు టైరు బయటి అంచుకు పలుచగా సయనో పూసి ఆరనివ్వండి, ఆ అంచు నేలను కరవడం మానేస్తుంది.

వచ్చే ఏడాదికి సర్వసభ్య సమావేశం ముందుంచుతున్న ప్రతిపాదనలు

ఉమ్మడి విడిభాగాల పెట్టెలో మూడు గట్టితనాల టీ ప్లేట్లు, ప్లాస్టిక్ నకుల్స్, డాగ్‌బోన్‌లు, 0.1, 0.2 మి.మీ. షిమ్‌లు, ఎం2 స్క్రూలు 6, 8 మి.మీ. పొడవుల్లో ఎప్పుడూ ఉండాలి. కొత్తవారి తరగతిలో అల్యూమినియం ముందు భాగాలను అనుమతించకూడదు. ప్రతి రేసు రోజూ ఉదయం మొదటి అరగంట గాజు పలక, బ్లేడు పరీక్షకే కేటాయించాలి.

విరిగిన భాగాలను చెత్తలో వేయకండి. ఏ ఛాసిస్, ఏ వైపు, ఏ మలుపులో అన్నది చిన్న చీటీ మీద రాసి భాగంతో పాటు డబ్బాలో వేయండి. వచ్చే ఏడాది పోలిక ఆ డబ్బాతోనే మొదలవుతుంది.

– కార్యవర్గం