బంగారు బల్లికి రంగు ఆనవాలు కాదు

సంపాదకులకు,

శేషాచలం కొండల్లో పసుప్పచ్చగా కనబడిన బల్లినల్లా బంగారు బల్లి అంటున్నారు. ఆ మెరుపు పసుపు జతకట్టే కాలంలో మగవాటికే. ఆడవి, పిల్లలు మచ్చలతో గోధుమ రంగులో బండలో కలిసిపోతాయి. రంగును నమ్మితే వాటిని వేరే జాతి కింద రాసేస్తాం.

చూడాల్సింది కాలివేళ్లు. బంగారు బల్లి వేలు సన్నగా సాగి, కొసన జంట పలకల్లా విచ్చుకుంటుంది. అలాంటి బండల మీదే తిరిగే పెద్ద రాతిబల్లి హెమిడాక్టిలస్ జైగాంటియస్‌కు వేలి అడుగున పొరలు వరుసగా ఉంటాయి. పగటి ఎండలో తలాడించేది తొండ. అది రెప్పలార్పుతుంది, ఈ బల్లులకు కదిలే రెప్పలే ఉండవు.

1870లో బ్రిటిష్ ప్రకృతి పరిశోధకుడు బెడ్డోమ్ వర్ణించిన కేలోడాక్టిలోడ్స్ ఆరియస్ ఈ బంగారు బల్లే. ఈ ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) ఇంకో జాతి శ్రీలంకలో మాత్రమే ఉంది. ఇంత అరుదైన జీవిని దయచేసి పట్టుకోకండి: తోక ఊడిపోతుంది, పైగా వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దూరం నుంచే జూమ్ చేసి ఒకటి పైనుంచి, ఒకటి పక్కనుంచి, ఒకటి వేళ్లు స్పష్టంగా కనబడేలా ఫొటోలు తీయండి. రాతి పగుళ్లలో అంటించి ఉన్న గుడ్లను కదిలిస్తే పగిలిపోతాయి. ఈ బల్లి కనబడిన గుహ ఎక్కడుందో మాత్రం బయటపెట్టకండి.

– ఒక జంతుశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి