పాత బండికి కొత్త రంగు ఎందుకు?

సంపాదకుల వారికి నమస్కారం.

ఈమధ్య నెల్లూరులో పాత బుల్లెట్, జావా, యెజ్డీ మోటారు సైకిళ్లు మళ్లీ రోడ్డెక్కుతున్నాయి. ట్రంకు రోడ్డు మీద ఒకటి దడదడమంటూ పోతుంటే ఎంత పనిలో ఉన్నా తల తిప్పి చూస్తాను, అంత ఇష్టం నాకు. తీరా దగ్గరికెళ్లి చూస్తే చాలాసార్లు ప్రాణం ఉసూరుమంటుంది. ట్యాంకు గీకేసి, లప్పం పెట్టి, కార్లకు వేసే మెరుపు రంగు కొట్టి, కనిపించిన ప్రతి ఇనుప ముక్కకీ క్రోమ్ చేయించి, దానికి రిస్టోరేషన్ అని పేరు పెడుతున్నారు. నేను చెప్పేది ఒక్కటే. ఇంజను, బ్రేకులు ఎంతైనా బాగుచేయించండి, ఫ్యాక్టరీలో పడిన రంగు మిగిలి ఉంటే మాత్రం దాని జోలికి పోకండి.

పాత బుల్లెట్ ట్యాంకు మీద బంగారు గీతలు ఉంటాయి కదా, అవి స్టిక్కర్లు కావు. మద్రాసు తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో మనిషి కూర్చుని బ్రష్‌తో చేత్తో గీసినవి. ఎండలో ట్యాంకును ఏటవాలుగా పెట్టి చూడండి, గీత ఒకచోట రవ్వంత లావుగా, వంపు దగ్గర సన్నగా సాగి, బ్రష్ ఎత్తిన చోటు కూడా తెలుస్తుంది. ఎమరీ పేపరు పట్టి పది నిమిషాలు రుద్దితే అంతా పోతుంది, ఆ తర్వాత ఎంత డబ్బు పోసినా ఆ గీత తిరిగి రాదు. మాసిన రంగును మెత్తటి గుడ్డతో, సబ్బు నీళ్లతో తుడిచి, వ్యాక్స్ పట్టిస్తే చాలు. మన సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి తుప్పు తొందరగా పడుతుంది, నిజమే, కానీ తుప్పు పట్టిన చోట మాత్రమే చూసుకుంటే సరిపోయేదానికి బండంతా ఒలిచేస్తారెందుకు? ట్యాంకు లోపలి తుప్పుకైతే కంకర, నట్లు పోసి ఊపుతుంటారు, అది వద్దు. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పోసి నానబెట్టి, తర్వాత వంట సోడా నీళ్లతో కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, వెంటనే కాస్త ఆయిల్ తిప్పితే పని అవుతుంది.

ఇంకో బాధ స్పానర్ల దగ్గర. పాత బుల్లెట్లలో చాలా నట్లు బ్రిటిష్ కొలతవి. మన షెడ్డుల్లో ఉండే ఎంఎం స్పానర్ దానికి సరిగ్గా కూర్చోదు, బలంగా తిప్పితే మూలలు అరిగి నట్టు గుండ్రంగా తయారవుతుంది, అప్పుడు ఉలి, సుత్తి తీస్తారు. సరైన స్పానర్ల సెట్టు కొనడం రంగు ఖర్చు కంటే చాలా తక్కువ.

ఒరిజినల్ అంటే అన్నీ పాతవే ఉంచమని కాదు. టైర్లు, కేబుళ్లు, బ్రేక్ లైనింగ్ తప్పకుండా కొత్తవి వేయాలి. ఆ కాలపు లైనింగుల్లో ఊపిరితిత్తులకు చేటు చేసే ఆస్బెస్టాస్ ఉండేది కాబట్టి డ్రమ్ము విప్పగానే గాలి కొట్టి దుమ్ము లేపొద్దు, తడిగుడ్డతో తుడవాలి, పక్కన పిల్లలుంటే ముందే పంపించేయాలి. 6 వోల్టుల లైటు చాలక 12కు మార్చుకునేవాళ్లను నేను తప్పుపట్టను, తీసిన సామాన్లు మాత్రం సంచిలో కట్టి దాచుకోండి. చాలా షెడ్డుల్లో అవే తుక్కు కింద పోతున్నాయి, మళ్లీ అదే సామాను కోసం మనవాళ్లు మద్రాసులో పాత సామాన్లు అమ్మే పుదుపేటకి పరుగెడుతున్నారు.

ఛాసిస్ నంబరు సంగతి మరీ ముఖ్యం. ఇసుక కొట్టించి మందంగా పౌడర్ కోటింగ్ వేయిస్తే నంబరు పూడిపోతుంది, గ్రైండర్ తగిలితే చెరిగిపోతుంది, ఇక ఆర్టీఓ ఆఫీసులో నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే ప్రింటు పడదు. 2021లో కేంద్రం తెచ్చిన రూల్ ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చు, కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20 వేలు, 10 ఏళ్లు చెల్లుతుంది. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదన్నది అందులోనే ఉంది. అంటే లక్షలు పోసి బండి రూపం మార్చినవాళ్లకి చివరికి ఆ గుర్తింపే దక్కకపోవచ్చు. అయితే వింటేజ్ చేయించాక రోజువారీ తిరగడానికి కుదరదు, ర్యాలీలకు, ప్రదర్శనలకే, కాబట్టి ఆలోచించుకుని వెళ్లండి. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 ఈ లెక్కలోకి ఇంకా రాదు.

మైసూరులో జావా, యెజ్డీలు చేసిన ఐడియల్ జావా 1996లోనే మూతపడింది. కిక్కు రాడ్డే గేరు రాడ్డుగా పనిచేసే ఆ బండ్లను విప్పి బిగించడం తెలిసిన పెద్ద మెకానిక్కులు నెల్లూరు, కావలి, ఒంగోలులో ఇంకా ఉన్నారు, కానీ కుర్ర మెకానిక్కులకి వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకునే వీలు లేదు. మీ జిల్లా పేజీలో వారానికి ఒకరితో మాట్లాడి, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల గ్యాప్ ఎలా పెడతారో, ఆ నిప్పురవ్వ టైమింగ్ ఎలా చూస్తారో ఫొటోలతో సహా వేయండి. పాత బండి ఉన్న ప్రతి ఇంట్లో కత్తిరించి దాచుకుంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
వేదాయపాళెం, నెల్లూరు