చేప మందు ఫొటో పక్కన పంపు గురించి కూడా నాలుగు ముక్కలు వేయండి

ఎడిటర్ గారికి,

మృగశిర కార్తె వస్తోంది కదా, హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఉబ్బసానికని ఇచ్చే చేప మందు క్యూల ఫొటో ఎప్పటిలాగే మీ పేపర్లో వస్తుంది. వేయండి, వద్దనను. మేమూ ఆ క్యూలో నిలబడ్డవాళ్లమే. మూడేళ్ల కిందట గుంటూరు నుంచి రాత్రి బస్సెక్కి వెళ్లి, ఉబ్బసం ఉన్న ఆరేళ్ల మా పాపతో కొరమీను పిల్లను మింగించి వచ్చాం. తప్పెవరిదంటే మాదే, ఇంటికి రాగానే డాక్టర్ రోజూ పీల్చమన్న ఇన్‌హేలర్ పంపు తీసి అటక మీద పడేశాం. 'అది అలవాటైతే ఇక మానదు, పైగా ఆడపిల్ల, రేపు సంబంధాలు వస్తాయా' అని మా అత్తగారు అన్నారు, నేనూ తలూపాను.

బడులు తెరిచారు, వానలు మొదలయ్యాయి, జలుబు చేసింది. ఓ రాత్రి రెండింటికి లేచి చూస్తే పిల్లికూతలు, డొక్కలు ఎగరేస్తోంది, 'అమ్మా' అనడానికి కూడా మధ్యలో ఊపిరి తీసుకుంటోంది. బండి మీద హాస్పిటల్‌కి పరిగెత్తాం.

అక్కడ డాక్టరమ్మ చెప్పిన లెక్క ఇప్పటికీ మర్చిపోలేదు. ఆయాసం వచ్చినప్పుడల్లా మేం తాగిస్తున్న స్టెరాయిడ్ సిరప్ ఒక్క చెంచాలో 5 మిల్లీగ్రాములు ఉందట, అంటే 5,000 మైక్రోగ్రాములు. మేం భయపడి మానేసిన పంపులోనూ స్టెరాయిడే, కానీ ఒక్క పఫ్‌కి, అంటే ఒకసారి నొక్కితే, 100 మైక్రోగ్రాములు. రెండూ ఒకే మందు కాదనుకోండి, అయినా సిరప్ ఒళ్లంతా తిరగాలి, పంపు మందు ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే పనిచేస్తుంది. ఇంకోటి, నీలం పంపు ఆయాసం వచ్చినప్పటికి, రెండోది బాగున్న రోజుల్లో కూడా వాడాల్సింది. మేం మానేసింది ఆ రెండోదాన్నే.

పంపుకి ఇంత భయపడ్డవాళ్లం, ఆ రాత్రి పాప మంచం కిందే దోమల కాయిల్ వెలిగించి పెట్టాం. చైనా, మలేషియా కాయిల్స్ మీద చేసిన ఓ పరిశోధనలో ఒక్క కాయిల్ నుంచి వచ్చిన సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని తేలింది. శుక్రవారం సాంబ్రాణి, ఎండుమిర్చి పోపు, బయట కాల్చి వచ్చి పిల్లను ఎత్తుకునే వాళ్ల నాన్న చొక్కా, ఎన్నేళ్లుగానో ఎండకి వేయని పరుపు, వేటినీ అనుమానించలేదు. పాపం పెరుగూ అరటిపండూ మాత్రం ఏడాది పాటు మానిపించాం, దానివల్ల ఒరిగిందేమీ లేదు. అందరు పిల్లలకీ ఒకే కారణం ఉండదు, రాసిపెట్టుకుంటే తెలుస్తుంది. మా పాపకి జలుబు, పొగ.

పంపు కొట్టడం కూడా మాకు రాలేదు, నేరుగా నోట్లో కొడితే మందంతా నాలుక మీదే పడేది. పంపుని బాగా ఊపి, స్పేసర్ అని దానికి తగిలించే గొట్టానికి పెట్టి, ఒక్క పఫ్ కొట్టి, అయిదారు ఊపిర్లు మెల్లగా పీల్చనివ్వాలి, ఆ తర్వాతే రెండోది. రోజూ వాడే పంపు అయ్యాక నోరు పుక్కిలించాలి. ఆ గొట్టాన్ని సబ్బునీళ్లలో కడిగి అలాగే ఆరనివ్వాలి, గుడ్డతో తుడిస్తే మందు గోడలకి అంటుకుపోతుంది. ఇది మాకు మూడో విజిట్‌లో గానీ ఎవరూ చెప్పలేదు.

ఇక బడి సంగతి. నీలం పంపు ఆఫీసు రూమ్ బీరువాలో పెట్టి తాళం వేశారు, పాపకి బడిలో ఆయాసం వచ్చిన రోజు తాళంచెవి ఉన్నాయన సెలవు. అది పిల్ల బ్యాగులో, కనీసం క్లాస్ టీచర్ చేతికందేలా ఉండాలి, ఏ బడైనా సరే.

అందుకే అడుగుతున్నాను, చేప మందు వార్త పక్కన ఓ చిన్న బాక్సు కట్టి స్పేసర్ ఎలా వాడాలో బొమ్మతో వేయండి, ఆ పేజీ ఉబ్బసం పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ చదువుతారు. ఫొటో కావాలంటే మా పాప రెడీ, స్పేసర్ మీద స్కెచ్‌పెన్‌తో ఏనుగు తొండం కూడా గీసుకుంది. అత్తగారే ఇంకా ఒప్పుకోవడం లేదు.

– ఒక తల్లి, గుంటూరు