8, 9, 10 తరగతుల తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయురాలి లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల తేదీలు లోపలి పేజీలో ఉన్నాయి. ఇక్కడ మాత్రం మనం మాట్లాడటానికి మొహమాటపడే విషయం రాస్తున్నాను: పిల్లల కంటపడుతున్న అశ్లీల వీడియోలు.

"మా వాడు అలాంటివాడు కాదండీ" అని చాలామంది అంటారు. అలాంటివాడు కానక్కర్లేదు. అమెరికాలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లలతో కామన్ సెన్స్ మీడియా అనే సంస్థ 2022లో చేసిన సర్వేలో, వాటిని మొదటిసారి చూసిన సగటు వయసు 12 అని తేలింది. అనుకోకుండా కంటపడ్డాయని సగానికి పైగా చెప్పారు. మన దగ్గరా వాట్సాప్‌లో వచ్చిన లింకు, గేమ్ మధ్యలో యాడ్, ఎవరో చూపించిన క్లిప్పు చాలు.

ఆ వీడియోల్లో చాలావాటిలో అవతలి మనిషికి ఇష్టమో కాదో అడగరు. కొట్టడం, అవమానించడం మామూలే అన్నట్టు చూపిస్తారు. ఇంట్లో గానీ బడిలో గానీ ఈ విషయం ఎవరూ చెప్పని పిల్లలు అదే నిజమనుకుంటారు. తమ శరీరాన్ని వాటితో పోల్చుకుని కుంగిపోయేవాళ్లూ ఉంటారు. అదంతా డబ్బు కోసం తీసిన నటన అని చెప్పాల్సింది మనమే.

పిల్లలు చూస్తూ దొరికితే దయచేసి కొట్టకండి. నలుగురిలో పరువు తీయకండి. "ఎలా వచ్చింది? చూశాక ఏమనిపించింది?" అని అడిగి, జవాబు పూర్తిగా వినండి. పిల్లల చేత ఫొటో పంపించుకుని బ్లాక్‌మెయిల్ చేసేవాళ్లకు కావాల్సింది ఇంట్లో చెప్పుకోలేని పిల్లలే. అమ్మానాన్నలు తిడతారన్న టెన్షన్‌లోనే పిల్లలు వాళ్లు అడిగిందల్లా ఇస్తూ పోతారు.

ఫోన్‌లో ఫ్యామిలీ లింక్ (పిల్లల ఫోన్ వాడకాన్ని మీరు చూసుకునే గూగుల్ యాప్), గూగుల్ సేఫ్‌సెర్చ్ (వెతికినప్పుడు అశ్లీలమైనవి రాకుండా చూసే సెట్టింగు) పెట్టండి. రాత్రి ఫోన్లన్నీ హాల్లోనే ఛార్జింగ్‌లో ఉండాలి, మీవి కూడా. స్నేహితుడి ఫోన్‌లో ఈ సెట్టింగులు ఉండవు కాబట్టి మాట్లాడటం మానొద్దు.

ఇంకో ముఖ్యమైన మాట. 18 ఏళ్లలోపు పిల్లల అశ్లీల ఫొటోలు, వీడియోలు ఎవరికైనా పంపడం ఐటీ చట్టం 67బి సెక్షన్ ప్రకారం నేరం. "చూడండి మేడమ్, ఏం జరుగుతోందో" అంటూ సాక్ష్యంగా కూడా క్లాసు గ్రూపులో పెట్టకండి, నాకూ పంపకండి. అందులో ఉన్నది ఎవరో ఒకరి బిడ్డ. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వండి. పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు.

ఈ నెలలో అబ్బాయిలతోనూ అమ్మాయిలతోనూ విడివిడిగా మాట్లాడబోతున్నాం. విడిగా మాట్లాడాలనుకునే తల్లిదండ్రులు సాయంత్రం బడి వదిలాక నా గదికి రండి. రిజిస్టర్‌లో కారణం రాయక్కర్లేదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు