ఒకే రౌటర్ వెనక రెండు మూడు ఫోన్ సిస్టమ్‌లు ఉన్న మా కస్టమర్లకు

నమస్కారం. ఈమధ్య మాకు వస్తున్న ఫిర్యాదులు ఎక్కువగా ఒకే రకం ఇళ్లవి. రౌటర్ ఒక్కటే. దాని వెనక మేం బిగించిన ఇంటర్నెట్ ఫోన్ సిస్టమ్ ఒకటి, ఇంటి వాడకానికి ఇంకొకటి, కొందరికి ఉద్యోగం ఇచ్చిన కంపెనీవాళ్లది మూడోది. విడివిడిగా చూస్తే దేనికీ వంక పెట్టలేం. మూడూ కలిశాక మాత్రం ఒకదానికి రింగ్ రాదు, ఇంకోదాంట్లో అవతలివాళ్ల మాట వినపడదు. నెట్ స్లోగా ఉందనుకుని కొంతమంది పెద్ద ప్లాన్‌కి మారుతున్నారు. దయచేసి ఆ ఖర్చు పెట్టుకోకండి. మాటను పంపే మామూలు పద్ధతి జీ.711లో ఒక కాల్‌కు అటు, ఇటు సెకనుకు సుమారు 90 కిలోబిట్లు సరిపోతాయి. నాలుగు కాల్స్ ఒకేసారి నడిచినా ఒక్కో వైపు అర మెగాబిట్ కూడా పట్టదు.

అసలు చిక్కు రౌటర్‌లో ఉంది. ఇంట్లో ఎన్ని పరికరాలున్నా బయటికి కనపడే చిరునామా ఒక్కటే. ఆ చిరునామాలో ఏ కబురు ఎటు వెళ్లాలో చెప్పే తలుపు నంబర్ లాంటిది పోర్ట్. ఈ ఫోన్లు చాలావరకు 5060 అనే పోర్ట్ సెట్ చేసే వస్తాయి. రౌటర్‌లో ఆ పోర్ట్‌ని ఒక సిస్టమ్‌కి ఫార్వర్డ్ చేస్తే, అంటే బయటి నుంచి దానికి వచ్చేదంతా ఆ సిస్టమ్‌కే పంపమని పెడితే, రెండోదానికి అదే నంబర్ ఇవ్వడం కుదరదు. పైగా అలా తెరిచి ఉంచిన 5060 కోసం వెతికే ప్రోగ్రామ్‌లు ఇంటర్నెట్ నిండా తిరుగుతుంటాయి. పాస్‌వర్డ్ బలహీనంగా ఉంటే మీ ఖాతా మీద విదేశాలకు కాల్స్ వెళ్లిపోతాయి. అందుకే ఇకమీదట ఇళ్లలో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టం. ఇప్పటికే ఉన్నచోట తీసేస్తున్నాం.

ఎక్కువమందిని విసిగిస్తున్నది ఇంకొకటి ఉంది. కాల్ ఎత్తుతారు, మాట్లాడుతుంటారు, అర నిమిషం దాటగానే ఠక్కున కట్ అవుతుంది. గడియారం పెట్టి చూడండి, దాదాపు ప్రతిసారీ 32 సెకన్లే. మీరు ఫోన్ ఎత్తగానే మీ సిస్టమ్ "ఎత్తాను" అని కబురు పంపి, అందినట్టు జవాబు కోసం చూస్తుంది. కానీ ఆ కబురులో తన చిరునామాగా 192.168తో మొదలయ్యే లోపలి నంబర్ రాస్తుంది. వీధి, ఇంటి నంబర్ లేకుండా "నడిమి గదిలో ఉంటాను" అని ఉత్తరం రాసినట్టు. జవాబు ఎటు రావాలి? ఈ ఫోన్లు పాటించే సిప్ ప్రమాణంలో ఆ ఎదురుచూపుకి గడువు 32 సెకన్లు. అది తీరగానే సిస్టమ్ తనే కాల్ కట్ చేస్తుంది. మాట ఒకవైపే వినపడడానికి కూడా చాలాసార్లు ఈ తప్పుడు చిరునామాయే కారణం.

దీన్ని సరిదిద్దడానికని రౌటర్లలో సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్ ఉంటుంది. దాంతో రౌటరే ఆ కబుర్లు చదివి, లోపలి చిరునామాను మారుస్తుంది. మేం చూసినంతలో అది బాగుచేసిన వాటికంటే చెడగొట్టినవే ఎక్కువ. ముందు దాన్ని ఆఫ్ చేస్తాం. తర్వాత ఒక్కో సిస్టమ్‌కి వేరే పోర్ట్ ఇస్తాం, ఒకటి 5062, ఇంకోటి 5064 అలా. మాట వెళ్లే పోర్ట్‌లనూ ఒకదాని మీద ఒకటి పడకుండా విడదీస్తాం. కొన్ని రౌటర్లు అర నిమిషం కదలిక లేకపోతే దారి మూసేస్తాయి, రింగ్ రాకపోవడం చాలావరకు అందుకే. దాని కోసం ప్రతి 25 సెకన్లకూ సిస్టమే ఒక చిన్న పలకరింపు పంపేలా పెడతాం. మా సిస్టమ్ ఉన్నవాళ్లకు ఇదంతా మా దగ్గర నుంచే చేస్తాం, చార్జీ ఏమీ లేదు.

కొన్ని మా చేతిలో లేవు. ఏఎల్‌జీని ఆఫ్ చేయనివ్వని రౌటర్లు ఉన్నాయి. మీ ఫోన్ సర్వీస్ ఒప్పుకుంటే సిగ్నల్‌ని, అంటే ఆ కబుర్లను, ఎన్‌క్రిప్ట్ చేసి (రహస్య కోడ్‌లోకి మార్చి) నడిపిస్తాం, అప్పుడు ఏఎల్‌జీ దాన్ని చదవలేదు. ఒప్పుకోకపోతే రౌటర్ మార్చమని సూటిగా చెప్తాం. ఉద్యోగం కంపెనీ ఇచ్చిన ఫోన్ సెట్టింగ్‌లు లాక్ అయి ఉంటాయి, వాటిని ముట్టుకోం. దాన్ని అలాగే ఉంచి మిగతా వాటినే పక్కకు జరుపుతాం. మోడెమ్ కూడా రౌటర్‌లా పనిచేస్తూ, దాని వెనక మీది ఇంకోటి ఉంటే మాత్రం ముందు మోడెమ్‌ని బ్రిడ్జ్ మోడ్‌లోకి, అంటే రౌటర్ పని మానేసి లైన్‌ని నేరుగా మీ రౌటర్‌కి అందించేలా, మార్పించాలి.

మాకు ఫోన్ చేసేముందు రౌటర్‌ని రీసెట్ చేయకండి, పెట్టిన సెట్టింగ్‌లన్నీ పోతాయి. కాల్ ఎన్ని సెకన్లకు కట్ అయింది, ఎవరి మాట ఎవరికి వినపడలేదు, ఆ సమయంలో రెండో సిస్టమ్‌లో కాల్ నడుస్తోందా అన్నది రాసి పెట్టుకోండి. ఆ వివరాలు చేతిలో ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో మాకు వెంటనే తెలుస్తుంది.