నీళ్లలో జీపీఎస్ పనిచేయదు

సంపాదకులకు నమస్కారం.

సముద్రం అడుగున తిరిగే మానవరహిత వాహనాల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. అవి జీపీఎస్‌తోనే దారి చూసుకుంటాయని రాశారు. ఆ సిగ్నల్ నీళ్లలోకి దిగదండీ. పైకి తేలినప్పుడే వాహనానికి జీపీఎస్‌తో తన స్థానం తెలుస్తుంది. మునిగాక వేగం, దిశ లెక్కగట్టుకుంటూ పోతుంది. పోయేకొద్దీ తేడా పెరుగుతుంది.

అలాంటి వాహనాలకు పటాలు తయారుచేయడం నా ఉద్యోగం. స్కాన్ చేసిన పాత చార్టు, అంటే సముద్ర పటం, కంప్యూటర్‌కు వట్టి బొమ్మ. అక్షాంశ, రేఖాంశ గీతలు కలిసే చోట్ల బిందువులు పెట్టి, ఒక్కోదానికీ విలువలు ఇవ్వాలి. నాలుగు మూలలు పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. పాత కాగితం ఒకచోట సాగి, ఒకచోట ముడుచుకుని ఉంటుంది. అసలు టెన్షన్ డేటమ్‌తోనే, అంటే అక్షాంశ, రేఖాంశాలను లెక్కగట్టడానికి తీసుకున్న ఆధారంతోనే. పాత డేటమ్ నుంచి జీపీఎస్ వాడే డేటమ్ డబ్ల్యూజీఎస్ 84కు మార్చడం మరిచిపోతే, నీటి కింది బండ పటంలో కొన్ని వందల మీటర్లు పక్కకు జరిగి కూర్చోవచ్చు. లోతులదీ ఇదే తంటా. చార్టులో వేసేది సాధారణంగా ఆటు సమయంలో నీరు బాగా తగ్గినప్పటి మట్టం నుంచి కొలిచిన లోతు. వాహనంలోని పీడన సెన్సార్ చెప్పేది అప్పటి నీటిమట్టం నుంచి.

వాహనం ఫొటో అర పేజీ వేశారు. వచ్చేసారి సోనార్ (ధ్వని తరంగాలతో అడుగును కొలిచే పరికరం) సర్వే పటం కూడా ఒకటి వేయండి.

– ఒక సర్వే ఉద్యోగి