దమ్ముకు పంపు ఒక్కటే కాదు, రక్తమూ చూడండి

సంపాదకులకు నమస్కారం.

చలికాలం వస్తే దమ్ము రోగులకు పేపర్ల నిండా జాగ్రత్తలే. మఫ్లర్ కట్టుకోండి, పొగ దగ్గరికి పోకండి, పంపు (ఇన్‌హేలర్) జేబులో పెట్టుకోండి అంటారు. నేను చదివినవాటిలో రక్తం ఊసే కనబడలేదు.

మిర్యాలగూడలో రైస్‌మిల్లు గుమస్తాగా చేసి రిటైరయ్యాను. ఊక దుమ్ము, దానికి తోడు బీడీలు. సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలపు దమ్ము, వచ్చింది. పోయినేడు చొక్కా తొడుక్కున్నా ఆయాసమే. చూపించుకున్న చోటల్లా పంపు డోసు పెంచారు, లేదంటే వయసు మీద తోశారు. చివరికి ఒక కుర్ర డాక్టరు కింది రెప్ప లాగి చూసి సీబీపీ అనే రక్తపరీక్ష రాశాడు. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ తొమ్మిది చిల్లర! మగవాళ్లకు 13 కన్నా తగ్గితే రక్తహీనతే.

తిరకాసంతా ఫెర్రిటిన్ దగ్గరుంది. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఆ పరీక్ష నాకు నార్మల్ అనే వచ్చింది. ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో వాపు ఉన్నవాళ్లకు ఐరన్ లేకపోయినా అది పైకే చూపించవచ్చట. పైగా ఆ వాపుకు హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, తిన్న ఐరన్‌ను పేగుల దగ్గరే ఆపేస్తుంది. అందుకే రక్తంలో ఐరన్ మోసే ప్రొటీన్‌కు ఐరన్ ఎంత పట్టిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ పరీక్ష కూడా చేయించాడు. 20 శాతం లోపుంటే అనుమానించాలి, నాది అందులో సగం కూడా లేదు. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ 95 చూపిస్తోందని ఇంట్లోవాళ్లు టెన్షన్ లేకుండా ఉన్నారు. ఉన్న హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ ఎంత పట్టిందో అది చెబుతుంది. హిమోగ్లోబినే తక్కువైతే ఏం చెబుతుంది?

నడుం నొప్పి గోళీలతో కడుపులో పుండు పడి కొంత రక్తం పోతోందని ఎండోస్కోపీలో తేలింది. ఐరన్ మాత్రలు ఒంటబట్టకపోతే సెలైన్‌లో ఎక్కించారు. దమ్ము పోలేదు, పోదు కూడా. కానీ సాగర్ రోడ్డు దాకా నడిచి కూరగాయలు తెచ్చుకుంటున్నాను.

రక్తహీనత తగ్గించడానికి కేంద్రం 2018లో మొదలుపెట్టిన ఎనీమియా ముక్త్ భారత్‌లో పిల్లలు, గర్భిణులు, బాలింతలు, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లు ఉన్నారు. ఉండాల్సిందే. మరి మిల్లుల్లో బస్తాలు మోసిన హమాలీలు, కట్టెల పొయ్యి ముందే ముసలైపోయిన ఆడవాళ్లు ఏ లెక్కలోకి వస్తారు? దమ్ముతో పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) వచ్చేవాళ్లకు బీపీ, షుగరుతో పాటు సీబీపీ చేయించి, తక్కువుంటే ఐరన్ పరీక్షలకు పంపాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను. ఇది చదివి ఎవరూ షాపుకు పోయి ఐరన్ గోళీలు కొనేసుకోవద్దు, ముందు పరీక్ష చేయించుకోండి.

– రైస్‌మిల్లు మాజీ గుమస్తా, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా